మూడు ఇంటూలు ఎక్కువ

నలభై రెండు ఉండాల్సిన ఇంటూ గుర్తులు నలభై ఐదు ఉన్నాయని నేను కనిపెట్టేసరికి, మా జట్టు తలరాత మీద లీగు కార్యదర్శి ముద్ర పడి అప్పటికే ఒక రోజైపోయింది.

వంటగది తలుపు మీది చార్టు ఊడదీసి మడతపెట్టబోతూ ఎందుకో మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఐదు. పొయ్యి కట్టేసి, కిటికీ దగ్గరికి వెళ్లి ఇంకోసారి లెక్కపెట్టాను. నలభై ఐదే. నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. వెంట్రుకవాసి తేడా ఉన్నా నా వేళ్లకు తెలిసిపోతుంది. అలాంటిది నా ఇంట్లో, నా తలుపు మీద మూడు దొంగ ఇంటూలు పడితే నాకు తెలియలేదు.

మాది ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ల హాకీ జట్టు. పద్నాలుగు మందిమి. అందరిలోకీ చిన్నదానికి ముప్పై రెండు, పెద్దామెకి నలభై తొమ్మిది. బడిలో ఆడి వదిలేసిన ఆటని మళ్లీ పట్టుకున్నవాళ్లమే అందరమూ. సీజను మొదలయ్యే ముందు లీగువాళ్లు ఆరు వేళలు రాసి పంపుతారు. జట్టు అందులో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నాక సీజనంతా ఆ వేళకే ఆడాలి. అదే వేళ కోరుకున్న నాలుగు జట్లు ఒక గుంపు, ఒక్కొక్కరితో రెండేసి మ్యాచ్‌లు. వరసగా రెండు సీజన్లు గుంపులో అట్టడుగున మిగిలిన జట్టుకి ఇక లీగులో చోటుండదు. కిందటి సీజను మేం అట్టడుగునే ఉన్నాం.

వేళ ఎంచుకోవడానికి మాకో పద్ధతి ఉంది. మా ఇల్లు మైదానానికి నాలుగు అడుగుల దూరం కాబట్టి అందరి కర్రలూ మా వరండాలో ఒక డ్రమ్ములో ఉంటాయి, చార్టు మా వంటగది తలుపు మీద ఉంటుంది. ఆరు వేళలకీ ఆరు గళ్లు. దారం కట్టిన పెన్సిలు. మనిషికి మూడు ఇంటూలు. తనకి పడని వేళ మీద ఇంటూ పెట్టి వెళ్లాలి. ఎవరెక్కడ పెట్టారో ఎవరూ అడక్కూడదు. తక్కువ ఇంటూలు పడ్డ వేళే మాది.

రెండేళ్లుగా మాది బుధవారం సాయంత్రం ఆరున్నర. ఈసారి బుధవారం కింద ఎనిమిది ఇంటూలు పడ్డాయి. ఆదివారం పొద్దున ఆరు గంటల కింద ఆరే పడ్డాయి. నేను నోరు మూసుకుని ఆదివారం అని రాసి ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను.

ఇప్పుడు చూస్తే బుధవారం గడిలో మూడు ఇంటూలు మిగతావాటిలా లేవు. మావాళ్లు గీసినవి గడి నిండా కాళ్లు చాపుకుని పడుకున్నట్టున్నాయి. ఈ మూడూ గడి పైమూలలో ఒకదాని కింద ఒకటి, చీమల్లా బుద్ధిగా నిలబడి ఉన్నాయి. అవి తీసేస్తే బుధవారానికి ఐదు. మా వేళని ఎవరో దొంగిలించారు.

అంతకన్నా గుండె జారిన సంగతి ఇంకోటుంది. ఆదివారం పొద్దున్న ఆరింటికి ఎవరు ఆడతారు? నాలుగింటికే లేచి పరిగెత్తేవాళ్లు. ఫైర్ స్టేషన్ జట్టు. బడుల్లో డ్రిల్లు టీచర్ల జట్టు. పోస్టాఫీసు జట్టు. ఫైర్ స్టేషన్‌వాళ్లు మూడేళ్లుగా ఓటమి మొహం చూడలేదు.

"పులుల బోనులోకి టికెట్టు కొనుక్కుని మరీ వెళ్తున్నాం," అంది తుఫాను. ఆవిడ టైలరు, మా ఫార్వర్డు. కుట్టుమిషన్ మీద ఎంత వేగమో బంతి వెంట అంతే వేగం కనుక ఆ పేరు. ఆ సాయంత్రమే జట్టు మొత్తాన్నీ వరండాలోకి పిలిచి చార్టు చూపించాను.

"కార్యదర్శిని అడుగుదాం అక్కా. పొరపాటు జరిగిందని చెబుదాం."

"అడిగాను. ముద్ర పడ్డాక దేవుడు దిగొచ్చినా మార్చనన్నాడు. మీ తలుపుకి మీరే కాపలా కాసుకోలేకపోతే లీగేం చేస్తుందన్నాడు."

"పోయిన సీజన్లో గోలుకి కాపలా కాశావుగా, అలాగే కాసుంటావు," అంది నర్సు. మా ఫుల్‌బ్యాకు ఆవిడే, వయసులో అందరికన్నా పెద్ద. అందరూ నవ్వారు. నేను గోల్‌కీపర్ని. పోయిన సీజన్లో పడ్డ గోల్స్ పుణ్యమా అని నాకు 'గేటు' అని పేరు పెట్టారు. ఎప్పుడూ తెరిచే ఉంటుందట.

లోపల్నించి మామయ్య గారి దగ్గు వినిపించింది. రెండేళ్ల క్రితం రిటైరై మా దగ్గరికి వచ్చారు. బస్సు డిపోలో ముప్పై ఒక్కేళ్లు టైంకీపర్. పొద్దున్నే లేచి కేలండర్లో నిన్నటి తేదీ కొట్టేయడం, ముందు గదిలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చోవడం, ఆయన డ్యూటీ ఇప్పుడు అంతే. మా ఇద్దరి మధ్యా మాటలంటే టీ, మంచినీళ్లు, పేపరు. చార్టు తగిలించిన రోజు మాత్రం గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, అది ఓసారి నేను చూడనా?" అన్నారు. "మా ఆటల గొడవ మీకెందుకు మామయ్య గారూ," అన్నాను, చేతిలో పిండి కలుపుతూ, తలెత్తకుండా. "అదీ నిజమే," అని వెళ్లిపోయారు.

ఆ రాద్ధాంతమంతా విని ఆయన బయటికొచ్చారు. కండక్టర్ చటుక్కున లేచి నిలబడింది. ఆవిడ మా సెంటర్ హాఫ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన చేతికిందే పనిచేసిందట, ఇప్పటికీ ఆయన కనబడితే నిటారుగా అయిపోతుంది.

"అయితే ఆదివారం నా టీ ఎన్నింటికి?" అన్నారు నాతో.

"ఐదుంబావుకే చేసి ఫ్లాస్కులో పోసి పెడతానండి."

"ఫ్లాస్కు టీ." చెప్పలేనంత విచారంగా అన్నారు. "ఆదివారం పూట మనిషికి వేడి టీ కూడా లేకుండా చేశారన్నమాట."

ఆయన లోపలికి వెళ్లాక నర్సు నా వైపు వంగింది. "మీ మామగారికి కూడా కోపమే. ఇక ఈ ఆదివారం కావాలనుకున్నవాళ్లు ఎవరే?"

అదే ప్రశ్న నన్ను తినేసింది. ఆదివారం ఎవరికి లాభం?

*

మొదటి మ్యాచ్ పోస్టాఫీసుతో. చలి, వేళ్లు కర్రకి అతుక్కుపోయేంత. ఐదు నలభైకి నేను తాళం తీసి వరండాలోకి వచ్చేసరికి తుఫాను గోడకి ఆనుకుని నిద్రపోతోంది. నర్సు ఆవులిస్తోంది. కండక్టర్ బూట్ల లేసులు కట్టుకుంటోంది. పావు తక్కువ ఆరుకి కర్రల డ్రమ్ము ఖాళీ.

ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడినవాళ్లు తిట్టుకున్నారు. ఈల వేసినప్పుడు పదకొండు మందిమి మైదానంలో ఉన్నాం, ముగ్గురు బయట దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. పోస్టాఫీసువాళ్లని రెండు సున్నాతో కొట్టాం. గెలిచిన విషయం ఇంటికి నడుస్తుండగా గానీ మాకు సరిగ్గా అర్థం కాలేదు. దారి మధ్యలో తుఫాను ఆగి, "మనమేనా?" అంది.

రెండోది డ్రిల్లు టీచర్లతో, ఒకటి ఒకటి. అదీ మాకు గెలిచినట్టే.

ఇల్లు చేరేసరికి భోజనాల బల్ల మీద ఫ్లాస్కు లేదు. మామయ్య గారి గది తలుపు వేసి ఉంది. అలిగి గదిలో కూర్చుని తాగుతున్నారనుకున్నాను.

గెలుస్తున్నాం కదా, ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేకపోయాను. పద్నాలుగు మందిలో ఒకరు దొంగ అనే మాట నా నిద్రలో కూడా తిరుగుతోంది. ఎవరి దగ్గర కూర్చున్నా వాళ్ల చేతివేళ్లే చూస్తున్నాను. మా ఆయన, "షాపులో అద్దాలు చాలక ఇంట్లో కూడా భూతద్దం పెట్టావా?" అన్నాడు. మూడో మ్యాచ్‌కి రెండు రోజుల ముందు ప్రాక్టీసయ్యాక, ఎవరెక్కడ పెట్టారో అడక్కూడదన్న మా రూలుని నేనే తుంగలో తొక్కాను.

"బుధవారం మీద ఇంటూలు నువ్వే పెట్టావా?" అన్నాను కండక్టర్‌తో, అందరి ముందూ.

ఆవిడ నవ్వింది, నేను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"పోయిన సీజనంతా నువ్వు ఒక్క బుధవారం కూడా ఈలకి ముందు రాలేదు. బుధవారం పోతే బాగుపడేది నువ్వే. ఆదివారం అనగానే నువ్వొక్కదానివే గొణగలేదు," అన్నాను.

కండక్టర్ బ్యాగు జిప్పు నెమ్మదిగా వేసుకుంది. "టికెట్టు లేనివాడిని కూడా నేను పదిమందిలో ఇలా అడగను కెప్టెన్. పక్కకి పిలిచి అడుగుతాను." తన కర్ర తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. "ఇదిగో. సోదా చేసుకో."

ఆ ఆదివారం ఫైర్ స్టేషన్‌తో మ్యాచ్‌కి ఆవిడ రాలేదు. ఆవిడ కోసం వెతకడానికని, ఆవిడ కింద ఆడే ఇద్దరమ్మాయిలు బస్టాండుకి వెళ్లి సమయానికి తిరిగి రాలేదు. బయట కూర్చునేవాళ్లలో ఒకామెకి జ్వరం, ఒకామె ఊళ్లో లేదు. తొమ్మిది మందితో మొదలుపెట్టాం. మొదటి పది నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. ఆ ఇద్దరూ తిరిగొచ్చాక పదకొండు మందిమయ్యాం, ఒకటి వేశాం, ఇంకొకటి పడలేదు. మూడు ఒకటి.

నేను ఫైర్ స్టేషన్‌వాళ్లతో చేతులు కలుపుతూ వెనక్కి తిరిగి చూశాను. గోలు వెనకాల గట్టు మీద ఎవరో కూర్చుని వెళ్లినట్టు గడ్డి నలిగి ఉంది. పట్టించుకోలేదు.

*

మర్నాడు బస్టాండులో కండక్టర్ బస్సు బయల్దేరడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. మెట్టు మీద కూర్చుని టికెట్ మిషన్‌లో కాగితం చుట్ట మారుస్తోంది. పక్కన నిలబడ్డాను.

"తప్పు చేశాను," అన్నాను.

"ఊఁ."

"అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే తప్పని చెబుతాను. నువ్వు రా."

కాగితం ఇరుక్కుంది. ఆవిడ దాన్ని లాగుతూ, నా వైపు చూడకుండానే అడిగింది. "నిన్న మొదటి పది నిమిషాలు ఎలా ఉంది?"

"నరకంలా ఉంది."

"పోయిన సీజన్లో ప్రతి బుధవారం అలాగే ఉండేది. నేను వచ్చేటప్పటికి రెండు పడి ఉండేవి. నర్సు వచ్చేటప్పటికి ఇంకోటి. మనకి ఆట రాక ఓడిపోలేదు కెప్టెన్. మనుషులు రాక ఓడిపోయాం."

ప్రతి బుధవారం ఆరుంబావు నుంచి నేను వరండాలో ఫోను పట్టుకుని తిరగడం గుర్తొచ్చింది. ఎక్కడున్నావు? వచ్చేస్తున్నా. ఎక్కడున్నావు? ఐదు నిమిషాలు. ఈ సీజన్లో నేను ఎవరికీ ఫోను చేయలేదు. చేయలేదన్న సంగతి కూడా గమనించలేదు.

"మరి నీకు బుధవారం కుదరనప్పుడు, దాని మీద ఇంటూ ఎందుకు పెట్టలేదు?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. "ఎలా పెడతాను? అది ఎవరిల్లు? టైంకీపర్ గారి ఇంట్లో, తలుపు మీద, నాకు టైముకి రావడం చేతకాదని నేనే రాసిపెట్టనా? నర్సూ అంతే. ఎవరిని అడిగినా వచ్చేస్తా అంటారు. వచ్చేస్తా అన్నవాళ్లెవరూ ఇంటూ పెట్టరు. నిద్ర చెడుతుందని ఆదివారం మీద పెడతారు."

డ్రైవరు హారను కొట్టాడు. ఆవిడ లేచి తలుపు పట్టుకుంది.

"దొంగ దొరికితే కొట్టకు," అంది. "నా తరపున ఓ టీ పొయ్యి."

*

నాలుగో మ్యాచ్‌కి ముందు వరండాలో అందరి ముందూ తప్పని చెప్పాను, కండక్టర్ తన కర్ర తీసుకుంది. ఆ మ్యాచ్ గెలిచాం. ఐదోది గెలిచాం. డ్రిల్లు టీచర్లని రెండు ఒకటితో ఓడించిన రోజున నర్సు మైదానం మధ్యలో పడుకుని, లేవనంది. లీగులో మా చోటుకి ఇక ఢోకా లేదు. కానీ అప్పటికి మా ఆశ అక్కడ ఆగలేదు. ఫైర్ స్టేషన్‌వాళ్లు మాకన్నా ఒక్క పాయింటు పైన ఉన్నారు. చివరి మ్యాచ్ వాళ్లతోనే. గెలిస్తే గుంపు కప్పు మాది. సమానమైతే వాళ్లది.

ఐదున్నరకే పద్నాలుగు మందిమీ వరండాలో ఉన్నాం. ఎవరూ ఆవులించలేదు.

మూడో నిమిషంలో కండక్టర్ మధ్యలో బంతి లాక్కుని, ముగ్గురి మధ్యలోంచి సందు చూసి తోసింది. తుఫాను దాన్ని అందుకుని, గీత మీద గుడ్డ చింపినట్టు నేరుగా వెళ్లి గోల్లో కొట్టింది. ఒకటి సున్నా. ఆ తర్వాత యాభై నిమిషాలపాటు మాకు ఒకటే పని, ఆపడం. వాళ్లు మంట మీదికి వచ్చినట్టే వచ్చారు. నర్సు కర్రతో ఆపింది, కాలితో ఆపి తిట్లు తింది, ఒకసారి ఊరికే ఎదురుగా నిలబడి ఆపింది. నేను ఏడు ఆపాను. ఎనిమిదోది స్తంభం ఆపింది.

రెండు నిమిషాలుందనగా వాళ్లకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. వాళ్ల కెప్టెను ఆరడుగుల మనిషి, నిచ్చెనలు భుజాన వేసుకుని పరిగెత్తే చేతులు. గీత మీద నిలబడి నేను పక్కకి బరువు మార్చుకుంటుండగా వెనకనించి గొంతు వినబడింది. అరుపు కాదు. డిపోలో బస్సు నంబరు చదివినట్టు నింపాదిగా.

"ఎడమ వైపే కొడుతుంది. పోయినసారి కార్నర్లు రెండూ ఎడమకే."

తిరిగి చూసే వ్యవధి లేదు. ఎడమకి దూకాను. బంతి నా ప్యాడుకి తగిలిన చప్పుడు ఎదురింటి కిటికీలదాకా వెళ్లి ఉంటుంది. నర్సు దాన్ని ఎత్తి ఎక్కడికో కొట్టింది. ఈల పడింది.

నేను లేచేసరికి పదమూడు మందీ నా మీద పడ్డారు. "ఇక నుంచి గేటు కాదు, గోడ," అంటోంది తుఫాను నా చెవిలో. ఆ సందడిలోంచి తల బయటికి పెట్టి గోలు వెనక గట్టు వైపు చూశాను. మా ఇంటి ఫ్లాస్కు ఒక్కటే గట్టు మీద ఉంది, మూత పక్కన పెట్టి. మనిషి అప్పటికే వీధి మలుపు తిరిగిపోయారు.

కప్పు ఉగ్గుగిన్నె కన్నా కాస్త పెద్దది. వరండాలో అందరూ దాన్ని చేతులు మార్చుకుంటుంటే నేను ఫ్లాస్కు పట్టుకుని మామయ్య గారి గది తలుపు తోశాను. ఆయన లేరు, పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి తలెత్తాను. గోడ మీద కేలండర్. రెండేళ్లలో నేను దాన్ని దగ్గర్నించి చూసింది లేదు. నిన్నటిదాకా ప్రతి తేదీకీ ఇంటూ ఉంది. అంకె మీద గీత పడకుండా, గడి పైమూలలో, చీమంత.

నేను వంటగదిలోకి వెళ్లి సొరుగులోంచి మడత పెట్టిన చార్టు తెచ్చి, ఆ కేలండర్ పక్కన పట్టుకుని నిలబడ్డాను. ఆయన తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి, చార్టుని చూసి, కుర్చీలో కూర్చున్నారు. నా వెనక గుమ్మంలో జట్టంతా చేరింది. కండక్టర్ నిటారుగా నిలబడింది. ఆయన తలగడ కింద నుంచి చిన్న నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. పోయిన సీజన్లోని బుధవారాలన్నీ వరసగా ఉన్నాయి. కండక్టర్ ఆరు నలభై ఒకటి. నర్సు ఆరు నలభై ఏడు. ఎవరు ఎన్నింటికి వచ్చి డ్రమ్ములోంచి కర్ర తీసుకున్నారో నిమిషాలతో సహా.

"నేనే అమ్మాయ్," అన్నారు. "మూడూ నేనే గీశాను. నువ్వు షాపుకెళ్లాక, అందరూ పెట్టేశాక, చివరిరోజు మధ్యాహ్నం. పుస్తకం రాయాలని రాయలేదు. ముప్పై ఒక్కేళ్ల అలవాటు, గుమ్మంలోంచి ఏది కదిలినా చెయ్యి టైము వేసేస్తుంది. పదకొండు మంది కదలాల్సిన చోట ఎనిమిది మంది కదలడం, నువ్వు ఫోను పట్టుకుని ఏడవడం, ఏడాదంతా ఆ కుర్చీలోంచి చూశాను. మీరు రాసుకున్న ఆరు వేళల్లో, ఆసుపత్రి పిలవనిది, డిపో పిలవనిది, షాపు పిలవనిది ఒక్కటే, ఆదివారం ఆరు. అప్పుడు మిమ్మల్ని పిలిచేది మంచం ఒక్కటే. చెబుదామని వచ్చాను. మీకెందుకన్నావు. నిజమే, నాకెందుకు. కానీ తప్పు టైంటేబులు తలుపు మీద కనబడుతుంటే నాకు ముద్ద దిగదు. ఈ కండక్టరమ్మాయి నా మూలంగా మాట పడిందని తెలిసింది, ఆ రోజే చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు. అది మాత్రం నిజంగా తప్పు. టీ గురించి గొడవ చేసింది కూడా అనుమానం రాకుండా ఉండటానికే. ఫ్లాస్కు టీ బాగానే ఉంటుంది. ఇంకొక్క సంగతి రాసుకోండి. ఆ గడిలో నాలుగోది గీస్తే ఇంకా గట్టిగా ఉండేది, పెన్సిలు చేతిలోనే ఉంది, గీయలేదు. మనిషికి మూడే కదా, రూలు రూలే. వచ్చే సీజన్ చార్టు తగిలించే రోజున నన్ను ఇంట్లోంచి బయటికైనా పంపించు, లేదా ఆ మూడు ఇంటూలూ నాకు లెక్కలోనే ఇచ్చెయ్యి."